ఒడ్డు సారు ఫోటోలకు నేను రబ్బరు బ్యాండ్లు వేసిన సంగతి

మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు మొన్న నన్ను పిలిపించిండ్రు. "రికార్డు రూములో ఇన్నేండ్లు పనిచేసిండ్రు గదా, పాత కాయితాలు ఎట్ల కాపాడాలో నాలుగు మాటలు చెప్పుండ్రి" అన్నరు. చెప్పిన. చెదలకు ఏం చల్లాలె, తేమ తగలకుండ ఏం చెయ్యాలె, మూటను ఏ దిక్కు నుంచి విప్పాలె, అన్నీ చెప్పిన. చప్పట్లు కొట్టిండ్రు. శాలువా గూడ కప్పిండ్రు. ఇంటికొచ్చి ఆ శాలువా మడత పెడుతుంటే సిగ్గనిపించింది. చెప్పవలసిన సంగతి ఒక్కటి మింగేసి, మిగిలినవన్నీ చెప్పొచ్చిన. పిల్లలూ, ఆ ఒక్కటి ఇప్పుడు రాస్తున్న. శాలువా వాపసు ఇయ్యమంటే మాత్రం ఇయ్య.

నేను బడిలో చదివింది ఐదో తరగతి. ఆ తర్వాతదంతా నాకు నేనే చదువుకున్న. కిరాణా పొట్లాలు విప్పి చదివిన. బస్టాండు గోడల మీద రాతలు చదివిన. కల్వకుర్తిలో మా శాఖ స్టోరుకు వాచ్‌మన్‌గా ఉన్నప్పుడు మూలకు పడేసిన ఆఫీసు నియమాల పుస్తకం ఒకటి దొరికితే, అట్టనుంచి అట్టదాకా మూడుసార్లు చదివిన. దాన్ని మూలకు ఎందుకు పడేసిండ్రో అప్పుడు ఆలోచించలేదు. శాఖ పరీక్ష రాసి, పాసై, నీటిపారుదల శాఖలో రికార్డు అసిస్టెంటునయిన. నార్కట్‌పల్లి దాటి పక్కరోడ్డు పట్టుకుంటే వచ్చే చిన్న టౌను మాది. డిగ్రీలు చదివినోళ్లు నా పక్కన పనిచేసిండ్రు, నా మీద గూడ పనిచేసిండ్రు. వాళ్లలో ఒక్కరికి ఫైలు మీద నంబరు ఎటు వెయ్యాలో తెలిస్తే ఒట్టు. ఈ మాట అప్పుడూ అన్న, ఇప్పుడూ అంటున్న. కోపమొచ్చేటోళ్లకు రానియ్యుండ్రి.

మా టౌనులో ఒక డ్రాయింగు మాస్టరుండె. పోచంపల్లి నేతగాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి. హైస్కూలుకు బదిలీ మీద వచ్చి ఇక్కడనే ఉండిపోయిండు. వచ్చిన ఏడాది చెరువు నిండి అలుగు పారితే కట్ట మీద నిలబడి ఫోటో తీసిండు. ఎండకాలం చెరువు అడుగంటితే మళ్లొకటి తీసిండు. మంచిదే. అందరం తీస్తం. కాని ఈ మనిషి ఆగలేదు. ప్రతి ఏడు రెండుసార్లు, అదే కట్ట, అదే తూము, తూము పక్కన అదే రాయి మీద నిలబడి తీసుడు, నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయో ఆ ఒడ్డు పొంటి తిరిగి తీసుడే. పెండ్లి ఫోటోలు తియ్యమంటే తియ్యకపోతుండె. మనుమడి ఫోటో తియ్యమని ఎవరన్న బతిమాలితే, "చెరువు కాడికి తీస్కరా, నీళ్ల పక్కన నిలబెడ్తె వాడు గూడ పడ్తడు" అంటుండె.

ఊరంతా ఆయనను ఒడ్డు సారు అంటుండె. ఆ పేరు పెట్టింది నేనే, దాచుడెందుకు. బజారులో కనపడితే ఊకోకపోతుంటి.

"సారూ, ఈ ఏడు ఒడ్డు ఎటన్న నడిచిపోయిందా?"

"పోయిందయ్యా రికార్డూ. నీ ఆఫీసు మ్యాపు లెక్క చెప్పకుండ పోలే. చెప్పే పోయింది."

రికార్డూ అనే ఆయన నన్ను పిలిచేది. మ్యాపు మాట ఎత్తంగనే నా నోరు మూతపడుతుండె. ఎందుకంటే మా చెరువు పాత మ్యాపును చెదలు తిన్నయి. నేను చార్జి తీసుకోకముందే తిన్నయని నా దగ్గర రాతపూర్వకంగా ఉన్నది. ఇప్పటికీ ఎవరన్న అడిగితే చూపెడ్త. గట్టు వదిలిపెట్టినయి, తూము వదిలిపెట్టినయి, సరిగ్గ నీటి అంచు గీసిన గీత వెంబడే తిన్నయి. చదువుకున్న చెదలు.

తెలంగాణ వచ్చిన కొత్తలో చెరువుల్లో పూడిక తీసే పనులు మొదలైనయి. పూడిక తియ్యాలంటే చెరువు ఎక్కడిదాకనో తెల్వాలె. చెరువు నిండితే నీళ్ల కింద మునిగే భూమిని శిఖం అంటం. ఆ శిఖం చుట్టు రాళ్లు పాతి హద్దు పెట్టుమని పైనుంచి ఉత్తరువొచ్చింది. చెరువు ఎగువ కొసకు ఏనుగంత బండరాయి ఒకటుండె, దున్నపోతు గుండు అంటరు. ఆ గుండు దాకా చెరువేనని చేపలు పట్టేటోళ్ల మాట. గుండుకు చాల ఇవతల దాకా తెల్లరాళ్లు నాటి ప్లాట్లు చేసిన ఆసామి ఒకాయన ఉండె. గుండు దాకా నీళ్లొచ్చుడు తాను పుట్టినకాడికెల్లి చూడలేదని ఆయన మాట. ఆయన మాటే నిలిస్తే చెరువు సగమైతది, చేపలోళ్ల ఇండ్లలో పొయ్యి గూడ సగమే మండుతది. మ్యాపేమో చెదల కడుపులో ఉన్నది.

అప్పుడు మా ఆఫీసుకు కొత్తగా ఒక ఇంజనీరు మేడం వచ్చింది. నా బిడ్డ కన్నా చిన్నది. నెమ్మదస్తురాలు. నన్ను పిలిచి, "పెద్దాయనా, డ్రాయింగు మాస్టరు దగ్గర చెరువు ఫోటోలు నలభై ఏండ్లయి ఉన్నయంట. తెచ్చి ఒక వరుసలో పెట్టండి. సర్వే రోజు అవే మనకు ఆధారం. ఆ తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించి శాశ్వతంగా కాపాడుదాం" అన్నది.

కాపాడుడు అన్న మాట వినంగనే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ముప్పై ఏండ్ల సర్వీసులో ఆ పనికి పనికొస్తనని నాకు చెప్పిన మొదటి ఆఫీసరామె.

సారు ఇంటికి పోయిన. అప్పటికే సారుకు చూపు పోయింది. రెండు ఆపరేషన్లయినా లాభం లేకపోయింది. వెలుతురు తెలుస్తది, మనిషి తెల్వడు. అరుగు మీద కూసుండి నా చెప్పుల చప్పుడుకే గుర్తుపట్టిండు.

"రికార్డూ, నా ఒడ్లు అడగనీకొచ్చినవా?"

"అవును సారూ. గవర్నమెంటుకు మీ అవసరం పడ్డది."

"దానికి ఎప్పుడన్న పడ్తదని తెలుసు. నాకు కండ్లు పోయేదాక ఆగింది, గంతే."

లోపలనుంచి ఆయన కోడలు నాలుగు రేకు పెట్టెలు తెచ్చి పెట్టింది. మూత తీసి చూస్తే, కట్టలు కట్టలుగా ఫోటోలు. ఒక్కో కట్టకు రంగు నూలు దారం చుట్టి ఉన్నది. నీలం, ఎరుపు. కొన్నిటికి నీలం మీద తెల్లదారం గూడ. దారాలకు ముళ్లే ముళ్లు. నాకు పాపమనిపించింది. చూపు లేక ముసలాయనకు ఒక్క ముడి సరిగ్గ పడలేదు, పది పది వేసుకున్నడు అనుకున్న.

సారు అన్నడు: "ఎట్లున్నయో అట్ల తీస్కపోవాలె. విప్పకు."

"రికార్డుల సంగతి నాకు చెప్తుండ్రా సారూ?"

కోడలు నా వెంబడి వాకిట్లదాకా వచ్చింది. "కాకా, ఆ దారాలు ఉన్నయి చూడు, వాటిల్లనే మామ..."

"తెలుసు బిడ్డా, తెలుసు. నువ్వు ఫికర్ చెయ్యకు" అని ఆటో ఎక్కిన.

ఏం తెలుసు? కోడలును ఆ వాక్యం పూర్తి చెయ్యనిస్తే ఈ కథే లేకుండె. ఇన్నేండ్లు నాకు నేనే చదువుకున్నోన్ని, ఇంకొకరు చెప్పవస్తే నా చెవులు వాటంతట అవే మూసుకుంటుండె.

మూలకు పడ్డ ఆ నియమాల పుస్తకంలో రాసి ఉన్నది: రికార్డుకు గుడ్డపీలికలు, నూలుదారాలు వాడరాదు, పురుగు పడుతుంది. ఇంకోటి గూడ రాసి ఉన్నది: ఒకే కొలత గలవి ఒకే చోట ఉంచవలెను. ఇది రాసినాయన ఫైళ్ల గురించి రాసిండు. నేను దాన్ని ఫోటోలకు పట్టించిన. మొదటి రోజు దారాలు కత్తెరతో కోసిన, ఎందుకంటే ముళ్లు విప్పవస్తలేవు. రెండో రోజు పోస్టుకార్డంతవి ఒకదిక్కు, అరచెయ్యంతవి ఒకదిక్కు, రంగు ఫోటోలు ఒకదిక్కు, వేరే చేసిన. మూడో రోజు దేనికి దానికి రబ్బరు బ్యాండ్లు వేసి, కవర్లలో పెట్టి, కవరు మీద గుండ్రటి అక్షరాలతో రాసిన: పెద్దవి, చిన్నవి, నడిమివి.

మా టైపిస్టు నాతోటోడే, టైపు మిషను పోయి కంప్యూటరొచ్చినంక దాని ముందు కూసునేటోడు. మొదటి రోజే అన్నడు.

"అన్నా, విప్పేముందు ఒక్కో కట్టను ఫోన్ల పట్టుకుంటనే. ఎట్లుండెనో మనకు గురుతుంటది."

"ఫోటోలకు ఫోటోనా? నీకు చేతిల పనిలేదా?"

"నాది పోయేదేమున్నది, బటన్ ఒత్తుడే గదా."

"ఒత్తకు. ఇది రికార్డు రూము, పెండ్లి పందిరి గాదు."

ఒత్తలేదు. మంచోడు, నా మాట విన్నడు. వినకపోతే ఎంత బాగుండె. నా మాట వినకుండ ఉండవలసిన ఒకే ఒక్క రోజున విన్నడని ఇప్పటికీ వాన్ని తిడ్త. "నీ తప్పుకు నన్నెందుకు తిడ్తవే" అంటడు. న్యాయమే.

కోసిన దారాలన్నీ చెత్తబుట్ట నిండా అయినయి. ఊడ్చే ఆమె వాటిని రాలిన వేపాకులతో కలిపి ఆఫీసు వెనక కాలబెట్టింది. కిటికీలోంచి పొగొస్తే రెండుసార్లు తుమ్మి, కిటికీ మూసి, మేడానికి పని పూర్తయిందని చెప్పిన.

సర్వే రోజు పొద్దుగాల తొమ్మిదింటికే అందరం గుండు కాడికి చేరినం. మేడం, గొలుసు పట్టుకొని సర్వేయరు, తెల్లబట్టలల్ల ప్లాట్ల ఆసామి, ఎడం పక్కన చేపలోళ్ల ఆడోళ్లు మొగోళ్లు. కోడలు ఆటోలో సారును తీసుకొచ్చి కుర్చీలో కూసుండబెట్టింది. సారు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నడు. చేతిలో నల్ల అట్ట నోటుబుక్కు. అది ఆయన రాసుకున్న తేదీల పుస్తకమని, ఏ ఫోటో ఎన్నడు తీసిండో అందులో ఉన్నదని అందరికీ చెప్పుకున్నడు. నేను కవర్లన్నీ ట్రేలో పెట్టుకొని పెండ్లికొడుకు పక్కన తోడు పెండ్లికొడుకు లెక్క నిలబడ్డ.

ఆసామి మొదలుపెట్టిండు. "మేడం, ఒక్క మాట. వరదొచ్చిన ఒక్కనాడు నీళ్లు యాడికన్న ఎక్కుతయి. గట్లయితే మా ఇంట్లకు గూడ వచ్చినయి. మా ఇల్లు చెరువు అయితదా? నెలల తరబడి నీళ్లు నిలిస్తెనే శిఖం."

"ఆ మాట నిజమే" అన్నది మేడం. "మాస్టారూ, గుండు దాకా నీళ్లు నిలిచిన ఫోటో ఏదైనా ఉందా?"

సారు నవ్విండు. ఆ ఒక్క ప్రశ్న కోసమే నలభై ఏండ్లు రాయి మీద నిలబడ్డట్టు నవ్విండు. నా దిక్కు చెయ్యి చాపి, "రికార్డూ, నీలం మీద తెల్లది. పెద్దముడి ఒకటి, చిన్నముళ్లు నాలుగు. ఇటియ్యి" అన్నడు.

నాకు అర్థం కాలేదు. చేతికొచ్చిన కవరిచ్చిన. సారు వేళ్లు దాని మీద అటు పోయినయి, ఇటు పోయినయి. లోపల వేలు పెట్టి, రబ్బరు బ్యాండును పట్టుకొని గుంజి వదిలిండు. టప్పున చప్పుడయింది.

"ఇదేంది?"

"రబ్బరు సారూ."

"నా దారమేది?"

"తీసేసిన సారూ. పురుగు పడ్తది గదా. శుభ్రంగ చేసిన."

"అన్నీ తీసేసినవా?"

"అన్నీ."

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. అప్పుడు ఆమె నోటుబుక్కు తెరిచి మేడానికి చూపెడుతూ చెప్పింది, నేను వాకిట్లో చెప్పనియ్యని సంగతి. నీలం అంటే చెరువు నిండిన రోజు తీసినవి. ఎరుపు అంటే ఎండిన రోజు తీసినవి. పెద్దముడికి పదేండ్లు, చిన్నముడికి ఒక ఏడు, ఆయన ఈ టౌనుకు వచ్చిన ఏడాది నుంచి లెక్క. పైన తెల్లదారముంటే నీళ్లు ఆ ఒడ్డున నెల దాటి నిలిచినట్టు. ఫోటో వెనక రాస్తే సిరా ముందుకు దిగుతదని ఒక్కదాని మీద గూడ ఆయన ఏమీ రాయలేదు. నోటుబుక్కులో తేదీలున్నయి. ఏ తేదీ ఏ ఫోటోదో చెప్పేది దారమే. చూపు పోయినంక ఆయన తన ఫోటోలను ఆ ముళ్లు తడిమే చూసుకుంటుండెనంట.

సారు నలుగురిలో నన్ను కోప్పడితే బాగుండు అనుకున్న. కోప్పడలేదు.

"నాకు రెండు ఆపరేషన్లు చేసిండ్రు రికార్డూ. పెద్ద పెద్ద డాక్టర్లు. వాళ్లు గూడ గింత శుభ్రంగ తియ్యలే."

ఎవరో కిసుక్కుమన్నరు. సారు నవ్వలేదు. రబ్బరును వేలికి చుట్టుకుంటూ మెల్లగా అన్నడు: "మా ఇండ్లల్ల రంగుల ముంచేముందు నూలుకు రబ్బరు కడ్తరు. కట్టినకాడ రంగు అంటదు. తెల్లగ మిగులుతది. నువ్వు నా నలభై ఏండ్లకు కట్టినవు."

ఆసామికి పండుగయింది. "చూసిండ్రా మేడం, ఏ ఏడుదో తెల్వదు, ఎన్నొద్దులు నిలిచినయో తెల్వదు. గీ ఫోటోలు పట్టుకొని హద్దు పెడ్తరా?"

మేడం నా దిక్కు చూడలేదు. చూస్తే నేను ఏడుస్తనని ఆమెకు తెలిసినట్టున్నది. కవర్లలోంచి గుండు కనపడే ఫోటోలన్నీ తీసి కుర్చీ మీద పరిచింది. గుండు కాళ్లు నీళ్లలో మునిగినవి మూడు దొరికినయి. మూడూ అదే చెరువు, అదే గుండు, అదే నీళ్లు. నోటుబుక్కులో గుండు దాకా నీళ్లని రాసినవి ఐదు. వాటిలో తెల్లదారమని రాసి ఉన్నది ఒక్కటే. ఆ మూడింటిలో తెల్లదారం ఫోటో ఏది? అసలు ఉన్నదా? "తేదీ లేకుండా నేనేం రాయలేను" అన్నది మేడం, తనలో తాను అనుకున్నట్టు.

అప్పుడు చేపలోళ్ల గుంపులోంచి ఒక ముసలామె ముందుకొచ్చింది. ఒంగిపోయిన మనిషి, నడుముకు బుట్ట కట్టుకొని ఉన్నది. "ఏదీ, జర నన్ను చూడనియ్యుండ్రి" అని ఫోటోలు గుంజుకున్నంత పని చేసింది.

"నీకు చదువొస్తదా అవ్వా?" అన్నడు ఆసామి.

"ఫోటోకు చదువెందుకు బిడ్డా? నీళ్లే గదా ఉన్నయి."

సారు సంచిలోంచి భూతద్దం తీసి ఆమె చేతికిచ్చిండు. తనకు పనికిరాకపోయినా ఆ భూతద్దం వెంబడి తెచ్చుకున్నడు. ఆమె మొదటిది చూసి పక్కన పెట్టింది. రెండోది చూసి పక్కన పెట్టింది. మూడోదాన్ని పట్టుకొని చాలసేపు చూసింది. చూసి, ఆసామిని దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది.

"ఇగో, గుండు పక్కపొంటి గిదేంది?"

"గడ్డి."

"గడ్డి గాదు బిడ్డా, తుంగ. చాపలల్లుతరు గా తుంగ. గీడ ఇద్దరాడోళ్లు మోకాల్లోతు నీళ్లల్ల నిలబడి కోస్తున్నరు. కుప్ప గూడ వేసిండ్రు ఒడ్డుకు. కోతకొచ్చిన తుంగ ఇది. నీళ్లొచ్చిన ఒక్కనాడే మొలిచి, మనిషి ఎత్తు పెరిగి, కోతకొచ్చిందా?"

"వానకు గూడ పెరుగుతది తుంగ."

"వాన నీ ప్లాట్ల మీద గూడ కురుస్తది గదా. పెరిగిందా? పెరిగితే పా, కోసుకొస్త. చాప నీకే ఇస్త."

నవ్వింది జనం కాదు ముందు, సర్వేయరు. గొలుసు కింద పడేసి మరీ నవ్విండు. ఆసామి గూడ సగం నవ్విండు, పాపం, మొత్తం చెడ్డోడేం గాదు. మేడం భూతద్దం తీసుకొని తానే చూసింది. తుంగ మొదట్లు నీళ్లలో ఉన్నయి. కోసిన కొయ్యకాళ్లు గూడ నీళ్ల పైకి కనపడుతున్నయి. "తుంగ కోతకు రావాలంటే ఎన్నాళ్లు నీళ్లుండాలమ్మా?" అని అడిగింది. ముసలామె వేళ్లు మడిచి నెలలు చెప్పింది. పక్కనున్న ఆడోళ్లు అవునన్నరు. మేడం అక్కడే నిలబడి పంచనామా రాసింది, ఫోటోలో ఏమున్నదో వరుసగా, ఎవరేం చెప్పిండ్రో పేర్లతో. అందరితో వేలిముద్రలు, సంతకాలు తీసుకున్నది. హద్దురాయి గుండుకు పది అడుగుల ఇవతల పడ్డది. ఆ పది అడుగులు ఎందుకు వదిలిండ్రని నేను తర్వాత చాలసార్లు అడిగిన. రాజీ అంట. తేదీ ఉంటే గుండునే ఆనుకొని పడేది. ఆ పది అడుగుల మీద నా పేరు రాసి ఉన్నట్టే. చెరువు నిండినప్పుడల్లా పోయి చూస్త.

సారు మాత్రం ఆటో ఎక్కేటప్పుడు గూడ నా దిక్కు తిరగలేదు. హద్దు పడ్డది. చేపలోళ్లు నిమ్మళంగా ఇండ్లకు పోయిండ్రు. ఆయన నలభై ఏండ్లు మాత్రం నా ట్రేలో పెద్దవి, చిన్నవి, నడిమివి అని మూడు కుప్పలుగా మిగిలినయి.

వారం ఆగి సారు ఇంటికి పోయిన. కోడలు గుమ్మంలో అడ్డం నిలబడ్డది.

"మామ ఇంట్ల లేడని చెప్పుమన్నడు కాకా."

లోపలనుంచి సారు గొంతు: "అవును, లేను."

"ఎప్పుడొస్తరు సారూ?"

"నువ్వు పోయినంక."

గుమ్మంలోనే కూసున్న. గంట అయినంక ఆయనే బయటికొచ్చి, "చాయ తాగుతవా, రబ్బరు నములుతవా?" అన్నడు. అట్ల మళ్లీ మొదలైంది. ప్రతి గురువారం పోవుడు, ఒక్కో ఫోటో తీసి ఆయనకు చెప్పుడు, ఆయన గుర్తుపట్టుడు, కోడలు నోటుబుక్కులో వెతుకుడు.

మొదటి గురువారం ఆయన అడిగిండు: "ఏం కనపడ్తుంది?"

"నీళ్లు."

"ఎట్లున్నయి?"

"తడిగున్నయి."

"నిన్ను పాస్ చేసిన ఆ పరీక్షాయన బతికే ఉన్నడా?" అని, "తూము మెట్లు లెక్కపెట్టు" అన్నడు.

లెక్కపెట్టిన. ఏడు మెట్లు పైకి ఉన్నయి. కట్ట మీద కరెంటు స్తంభం ఉన్నదా, ఉంటే సిమెంటుదా ఇనుపదా? అవతలి గట్టున ఈతచెట్లు ఎన్ని? బట్టలుతికే బండ మునిగిందా తేలిందా? ఆయన అడుగుతుంటే చూసుకుంట పోయిన. మూడు రోజులు నా చేతుల మీదుగా పోయిన ఫోటోలే అవి. పెద్దది, చిన్నది అని తప్ప నేను వాటిలో ఒక్కదాన్ని చూడలేదని అప్పుడు తెలిసింది. ఒక ఫోటోలో ఒడ్డున సైకిలు ఆపి ముఖం కడుక్కుంటున్న మనిషి ఉన్నడు. భూతద్దం పెడితే నేనే. జుట్టు నల్లగున్నది. ఆ సైకిలు నా దగ్గర ఒక్క ఏడే ఉండె గనుక, నీళ్లు అదే మట్టంలో ఉన్నవి దాని పక్కన పెడితే ఆ కట్ట మొత్తం దొరికింది.

"చూసినవా, నిన్ను గూడ ఒడ్డు మీదనే పట్టుకున్న" అన్నడు సారు.

కొన్నింటిని టౌనంతా తిప్పినం. ఉతికే బండ మీద ఉన్న చీర నాదేనని ఒకామె, వెనక కనపడే బండి మా బాపుదని ఒకాయన, ఆ ఏడు మాకు రెండో బిడ్డ పుట్టిందని ఒకామె, ఎవరి బతుకుతో వాళ్లు తేదీలు చెప్పిండ్రు. నేను రిటైరైన. గురువారాలు మాత్రం ఆగలేదు. రెండేండ్లు పట్టింది. దొరికిన కట్టకల్లా సారు కొత్త దారం చుట్టి, ముళ్లు వేసిండు. మా టైపిస్టు ఒక్కోదాన్ని దారంతో సహా ఫోన్లో పట్టిండు. ఈసారి నేను అడ్డం చెప్పలేదు. ఆ పెట్టెలు ఇప్పుడు మా టౌను లైబ్రరీలో ఉన్నయి, పోయి చూడొచ్చు.

చివరికి పన్నెండు ఫోటోలు మిగిలినయి. ఎంత చూసినా, ఎవరిని అడిగినా తేలలేదు. నీళ్లు, ఆకాశం, కొంచెం గట్టు. పన్నెండు ఒడ్లు ఏ ఏడువో ఇగ ఎన్నడూ తెల్వదు. ఆ గురువారం సారు, "ఒక్కో కవర్ల ఒక్కోటి పెట్టు. ఎందుకు తెల్వదో మీద రాయి. చదివెటోళ్లకు సంజాయిషీ ఇయ్యాలె గదా" అన్నడు.

మొదటి కవరు మీద నా గుండ్రటి అక్షరాలతో రాసిన.

"చదువు."

"కారణాంతరముల వలన తేదీ నిర్ధారింపబడలేదు."

"ఎవని కారణాలు?"

కొట్టేసి మళ్లీ రాసిన. "కార్యాలయంలో జరిగిన పొరపాటు వలన తేదీ లభ్యం కాలేదు."

"పొరపాటు దానంతట అదే నడుచుకుంట వచ్చి జరిగిందా రికార్డూ? కార్యాలయానికి చేతులున్నయా, కత్తెర పట్టనీకి?"

ముప్పై ఏండ్లు నేను రాసిన ఏ కాయితంలోనూ 'నేను' అన్న మాట లేదు. రాయొద్దని ఆ పుస్తకంలోనే ఉన్నది. మూడోసారి రాసిన.

"రాసినవా?"

"రాసిన."

"నిన్ను నమ్మి ఒకసారి నాలుగు పెట్టెలిచ్చిన" అని, కోడలును కేకేసిండు. "బిడ్డా, ఇగో, గీయన ఏం రాసిండో పైకి చదువు."

ఆమె చేతులు తుడుచుకుంట వచ్చి కవరు తీసుకొని చదివింది. "దీని దారం నేను కోసిన. అందుకే ఇది ఏ ఏడుదో తెల్వదు." కింద నా సంతకం. చదివి, నవ్వాలో వద్దో తెల్వక నా ముఖం చూసింది.

"అక్షరం ఎట్లున్నది?"

"ముద్దుగున్నది మామా."

"అయితే మిగిలిన పదకొండింటి మీద గూడ రాయమను."

డ్రాయింగు మాస్టరు గదా, ఇంపొజిషను ఇచ్చే అలవాటు పోలేదు. మోకాళ్ల మీద అట్ట పెట్టుకొని పదకొండు సార్లు రాసిన. ఒక్కోటి రాయంగనే ఆమె పైకి చదువుతున్నది, ఆయన తలూపి, వేళ్లు మడుస్తున్నడు. తొమ్మిదో కవరు మీద "నేను" వదిలిపెట్టి "దీని దారం కోసిన" అని రాస్తే, చదువుతున్న ఆమె తడబడ్డది. సారు అక్కడనే పట్టుకున్నడు.

"ఆగు. గా ముందట మాట యాడికి పోయింది?"